పరదాలు వేసిన వీధి

1942 అక్టోబరు పదిహేడు, శనివారం. ఆ మధ్యాహ్నం మేం తిన్నది గుడ్డుపొడితో వేసిన అట్టు, ఉడికించిన క్యాబేజీ, ముందురోజు మిగిలిన బంగాళాదుంపల వేపుడు. అట్టును వినిఫ్రెడ్ మూడు ముక్కలు చేసి, పెద్ద ముక్క నా పళ్ళెంలో వేసి, అది చిన్నదేనని వాదించింది.

నా భార్య హెస్టర్ పోయినప్పటి నుంచి శనివారం భోజనం నాకు ఎదురింట్లోనే, గార్బట్ల ఇంట్లో. "మిగిలిపోతోంది మాస్టారూ, వచ్చి తినండి" అని మొదటిసారి పిలిచింది వినిఫ్రెడ్. తర్వాత యుద్ధం వచ్చింది, రేషన్ వచ్చింది, ఎవరింట్లోనూ ఏదీ మిగలడం మానేసింది. ఆమె మాత్రం ఇప్పటికీ "మిగిలిపోతోంది" అనే అంటుంది. నా టీ పొడి వాటా తీసుకెళ్ళి వాళ్ళ డబ్బాలో పోస్తే చూడనట్టు అటు తిరుగుతుంది.

ఆ రోజు బల్ల దగ్గర వినిఫ్రెడ్, కూతురు మేవిస్, నేను. ఇంటాయన హెర్బర్ట్ రేవులో క్రేను నడుపుతాడు. శనివారం కూడా పని ఉందని పొద్దున్నే వెళ్ళిపోయాడు. కొడుకు క్లిఫ్ సరుకుల ఓడలో బొగ్గు వేసే పనిలో ఉన్నాడు. రష్యాకు సరుకులు మోసే ఓడల గుంపులో వాళ్ళ ఓడ ఉత్తరానికి వెళ్ళింది. ఆగస్టు చివర్లో, చలికి ఇంకో జత మేజోళ్ళు అల్లి పెట్టమని రాశాడు. ఆ తర్వాత మాట లేదు, కబురు లేదు. మేజోళ్ళు అల్లడం అయిపోయింది. ఇప్పుడు వినిఫ్రెడ్ మెడకు చుట్టుకునే మఫ్లర్ అల్లుతోంది. అది ఎంత పొడుగైపోయిందంటే, మనిషికి కాదు గుర్రానికి చుట్టాలి అనేది మేవిస్.

చేపల క్యూకి, రొట్టె క్యూకి తప్ప వినిఫ్రెడ్ గడప దాటి ఎన్నాళ్ళో అయింది. తను బయట ఉన్నప్పుడు కబురు వస్తే తలుపు తీసేవాళ్ళు ఉండరని భయం. ముందురోజు సాయంత్రం హెర్బర్ట్ మా ఇంటికి వచ్చి, టోపీ చేత్తో తిప్పుతూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రేపు దాన్ని సినిమాకి తీసుకెళ్ళండి మాస్టారూ. ఏదో కుటుంబం కథంట, యుద్ధంలో ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ళ కథ. ఊరంతా చూస్తోంది. మేవిస్ హాలు దాకా వస్తుంది గానీ దానికి బస్సు డ్యూటీ ఉంది. తిరిగొచ్చేటప్పుడు మీరు తోడుండాలి."

"మీరే తీసుకెళ్ళొచ్చు కదా."

"నాకు పనుంది" అన్నాడు. గుమ్మం దిగబోతూ, "సినిమా పూర్తయ్యేదాకా ఉంచండి. మధ్యలో లేచి వచ్చేస్తానంటుంది, రానివ్వకండి" అని వెళ్ళిపోయాడు.

అలా వినిఫ్రెడ్ తన మంచి టోపీ పెట్టుకుంది. వీధి మెట్లు ఆ పొద్దున కడిగారేమో, ఇంకా తడిగా ఉన్నాయి. జారకుండా నా చెయ్యి పట్టుకుంది.

"చూడండి మాస్టారూ, టాస్కర్ మామ్మ కిటికీలోంచి ఎలా చూస్తోందో. రేపటికి మనకి పెళ్ళి చేసేస్తుంది."

"నాన్నకి చెప్పమంటావా?" అంది మేవిస్, కండక్టర్ యూనిఫారం బొత్తాలు పెట్టుకుంటూ.

"చెప్పు. నా సణుగుడు వినే బాధ తప్పిందని సంతోషిస్తాడు."

హాల్లో సగం కుర్చీలే ఉన్నాయి. బాల్కనీ నిరుడు బాంబులకు కూలిపోయింది. సినిమాలో మా దేశం దక్షిణాన ఉండే కుటుంబం, పెద్ద ఇల్లు, యాపిల్ తోట. తండ్రి కారు సైన్యానికి ఇచ్చేస్తాడు. ముసలావిడ నేలమాళిగలోకి దిగనంటుంది. పెద్దకొడుకు సైన్యంలో చేరి వెళ్తూ గేటు దగ్గర వెనక్కి తిరిగి చూస్తాడు. అప్పుడే హాల్లో రుమాళ్ళు బయటికి వచ్చాయి.

వినిఫ్రెడ్ నా చెవి దగ్గరికి వంగింది. "ఆ తల్లి ఒక్కసారైనా గిన్నె తోమిందా మాస్టారూ?"

"వంటమనిషి ఉంది కదా."

"ఈ రోజుల్లో వంటమనిషా! మా మేవిస్‌ని లాక్కెళ్ళి బస్సెక్కించారు, ఆవిడ వంటమనిషి మాత్రం సర్కారుకి కనబడలేదా?"

వెనక వరసలోంచి ఒకామె ముందుకి వంగింది. "అమ్మా తల్లీ, ఏడుద్దామని టికెట్టు కొనుక్కుని వచ్చాను. కాస్త ఏడవనియ్యి."

చివర్లో ఊరి పాదిరి యాపిల్ చెట్ల మధ్య నుంచి నడిచి వస్తాడు. తల్లి బఠాణీలు ఒలుస్తూ ఉంటుంది. ఆయన మొహం చూసి, చేతిలో కాయ అలాగే పట్టుకుని ఉండిపోతుంది. హాలంతా ముక్కులు ఎగబీలుస్తున్న చప్పుడు. వినిఫ్రెడ్ ఏడవలేదు. చేతిసంచి గట్టిగా పట్టుకుని, తెరకేసి చూస్తూ కూర్చుంది. ఇంటికి వెళ్ళిపోదామని మాత్రం అనలేదు.

బయటికి వచ్చాక, వెలుతురుకి కళ్ళు చికిలించుకుంటూ నడుస్తూ అంది.

"పాదిరి ఇంటిదాకా నడిచొచ్చి చెప్పేవరకు ఆవిడకి తెలీకపోవడం ఏంటి? మన వీధిలో అయితే ముందు కర్టెన్లే చెప్పేస్తాయి."

నిజమే. మా వీధుల్లో ఒక ఇంట్లో ఎవరైనా పోతే ఆ ఇంటి ముందు కిటికీకి పట్టపగలే పరదా వేస్తారు. అది చూసి పక్కిల్లు, ఎదురిల్లు, అలా వీధి మొత్తం వేసుకుంటుంది. శవపేటిక మలుపు తిరిగేదాకా ఎవరూ తీయరు. సముద్రంలో పోయినవాడికి పేటిక ఉండదు, కాబట్టి వాడి పేరు చర్చిలో చదివే ఆదివారం దాకా ఉంచుతారు. యుద్ధం మొదలై, రాత్రిళ్ళు బాంబు విమానాలకి వెలుగు కనబడకుండా ప్రతి కిటికీకీ నల్లగుడ్డ కట్టాల్సి వచ్చాక, తెల్లారగానే దాన్ని విప్పడంలో మావాళ్ళు మరీ పట్టింపుగా ఉంటారు. ఒక ఇంట్లో కాస్త ఆలస్యమైతే చాలు, ఎదురింటివాళ్ళ టీ చల్లారిపోతుంది.

మా వీధి మలుపులో సబ్బు, చేప, బొగ్గు పొగ కలిసిన వాసన వస్తుంది. ఆ రోజూ వచ్చింది. శనివారం సాయంత్రం కనక ఫుట్‌బాల్ స్కోర్లు అరుచుకుంటూ మగవాళ్ళు, గోడకి బంతి కొట్టుకుంటూ పిల్లలు ఉండాలి. ఎవరూ లేరు. ఎక్కడా రేడియో వినబడలేదు. శత్రు విమానాలు కిందికి రాకుండా రేవు మీద ఎగరేసిన పెద్ద బెలూన్లు బూడిదరంగు ఆకాశంలో కదలకుండా ఉన్నాయి.

మొదటి ఇంటి కిటికీకి పరదా వేసి ఉంది.

"పికరింగ్ వాళ్ళు" అంది వినిఫ్రెడ్. "పాపం, ముసలాయన దగ్గు. వారం నుంచీ బాలేదు."

రెండో ఇంటికీ వేసి ఉంది. ఎదురింటికీ. ఆ పైదానికీ. ఆమె నడక తగ్గలేదు గానీ నా చేతిమీద వేళ్ళు బిగిశాయి. బకెట్టు పట్టుకుని రోడ్డు దాటబోయిన ఒకావిడ మమ్మల్ని చూసి, తల దించుకుని వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు పికరింగ్ ముసలాయన దగ్గు వినబడింది. తన పరదా వెనకాలే, బతికి ఉన్న మనిషి దగ్గు.

వినిఫ్రెడ్ ఆగింది.

"ఆయన కాదు" అంది.

ఇంకెవరు అయి ఉంటారో నేను మనసులో వెతుకుతున్నాను. ఆమె వెతకడం మానేసింది. వీధి మధ్యలోకి చూస్తోంది. అక్కడ పరదా లేని కిటికీలు రెండే. ఒకటి మా ఇల్లు. ఎదురుగా రెండోది వాళ్ళ ఇల్లు. ఇంట్లో మనిషి లేక తెరిచే ఉండిపోయిన కిటికీలు అవి. వాళ్ళింటిని ఆనుకుని ఉన్న ఇల్లు ఐవీది. ఐవీ హెర్బర్ట్ చెల్లెలు. ఆ కిటికీకి పైనుంచి కిందిదాకా నల్లగుడ్డే కట్టి ఉంది.

"ఐవీ వేసింది మాస్టారూ" అంది. గొంతు చాలా మామూలుగా ఉంది. "రక్తసంబంధం కదా, ముందు దానికే చెప్పి ఉంటారు. నేను సినిమా చూస్తూ కూర్చున్నాను."

"వినిఫ్రెడ్, మనకి ఇంకా తెలీదు."

"వీధికి తెలుసుగా."

ఇంటి తలుపు దాకా నడిచింది. తాళంచెవి తీసింది గానీ పెట్టలేదు. లోపలికి వెళ్తే అది నిజమైపోతుందన్నట్టు తాళంకప్ప వైపు చూస్తూ నిలబడింది. చుట్టూ పరదాల అంచులు కదిలాయి. ఎవరూ బయటికి రాలేదు. అది మర్యాద. ఇంటివాళ్ళు తలుపు తీసి పిలిచేదాకా ఎవరూ రాకూడదు. ఆ మర్యాద ఎంత భయంకరంగా ఉంటుందో వీధి మధ్యలో నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది.

వినిఫ్రెడ్ ఉన్నట్టుండి వెనక్కి తిరిగి ఐవీ తలుపు పిడికిలితో బాదింది.

ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది. ఐవీ జుట్టుకి చుట్టలు చుట్టుకుని, మీద హెర్బర్ట్ పాత స్వెట్టరు వేసుకుని, ఒక కన్ను మాత్రం తెరిచి చూసింది. ఆ కన్ను వదినగారిని, నన్ను, తర్వాత వీధిని చూసింది. రెండో కన్ను కూడా తెరుచుకుంది.

"అయ్యో దేవుడా! ఎవరు పోయారు వదినా?"

"నువ్వే చెప్పాలి."

"నేనేం చెప్పను? రాత్రంతా ఫ్యాక్టరీలో గుండ్లకి మూతలు బిగించి వచ్చి పడుకున్నాను. ఇప్పుడు నువ్వొచ్చి తలుపు పగలగొడుతున్నావు."

"మరి కిటికీకి ఆ గుడ్డ?"

"నా పడకగదిలో కప్పు కారుతోంది, మంచం తడిసి ముద్దయింది. ముందు గదిలో సోఫా మీద పడుకున్నా. వెలుతురు పడకుండా రాత్రి గుడ్డ అలాగే ఉంచా. నిద్రపోవడం కూడా తప్పేనా?" అంటూండగా తను చేసిన పని ఐవీకి అర్థమైంది. చేత్తో నోరు మూసుకుంది. "వదినా... నా వల్లనా? ఈ వీధంతా నా గుడ్డ చూసి..."

వినిఫ్రెడ్ ఒక్క క్షణం అలాగే చూసింది. తర్వాత నవ్వింది. నవ్వుతూ ఐవీ స్వెట్టరు పట్టుకుని కుదిపింది, ముద్దు పెట్టుకుంది, నెత్తిమీద చుట్టలు ఊడేలా ఒకటి కొట్టింది. టోపీ పక్కకి జారింది. ఆమె అలా నవ్వడం వేసవి తర్వాత నేను చూడలేదు. గుమ్మంలోనే కూలబడకుండా ఆ నవ్వు ఆమెని నిలబెట్టింది. అదే చాలనుకున్నాను.

ఆ తర్వాత వీధికి మూడింది.

"తీయండి! నా కొడుకు బతికే ఉన్నాడు, తీయండి!" ఒక్కొక్క తలుపే కొట్టుకుంటూ వెళ్ళింది. "ఏమయ్యా పికరింగ్, దగ్గుతున్నావుగా, లేచి ఆ కర్టెన్ లాగు. హిల్డా, నీకు అంత తొందరేంటే? నల్ల బట్టలు కూడా ఇస్త్రీ చేసేశావా?"

"నాకేం తెలుసక్కా, అందరూ వేస్తే వేశాను" అంది హిల్డా, చీపురు వెనక దాక్కున్నట్టు పట్టుకుని.

"అందరూ నదిలో దూకితే దూకుతావా?"

"మాస్టారి చెయ్యి పట్టుకుని వెళ్ళావు కదా, మంచి టోపీతో! ఓడ కంపెనీ ఆఫీసుకే అనుకున్నాం. మాస్టారితో ఇంకెక్కడికి వెళ్తారు ఎవరైనా?"

వినిఫ్రెడ్ నా తరఫున చెప్పింది. "సినిమాకి! యాపిల్ తోటలో ఏడుపు చూడడానికి!"

ఒక్కో కిటికీ తెరుచుకుంది. పిల్లలు బయటికి పరుగెత్తారు, బంతి మళ్ళీ గోడకి తగిలింది. ఎవరో రేడియో పెట్టారు. ఆడవాళ్ళు గడపల్లోకి వచ్చి ఒకళ్ళనొకళ్ళు తప్పు పట్టుకోవడం మొదలుపెట్టారు. చివరికి ఒక్క టాస్కర్ మామ్మ ఇల్లే మిగిలింది. మొదట పరదా వేసింది ఆవిడేనని అందరూ వేలు చూపించారు.

"నేను తీయను" అంది మామ్మ, తలుపు సందులోంచి. "వేసిన కర్టెన్ ఊరికే తీయకూడదు. ఆదివారం పేరు చదివాకే తీయాలి. మా అమ్మ అలాగే చేసేది."

"ఎవరి పేరు చదివించమంటావు మామ్మా? నా కొడుకుదా?" వినిఫ్రెడ్ గొంతులో నవ్వు ఆరిపోయింది. "తీస్తావా, నేనొచ్చి లాగనా?"

మామ్మ ఆమెని చాలాసేపు చూసింది. ఆ చూపులో పొగరు లేదు. తర్వాత లోపలికి వెళ్ళి పరదా తీసింది. వినిఫ్రెడ్ గెలిచినదానిలా ఐవీ భుజం పట్టుకుని ఇంట్లోకి నడిచింది. కెటిల్ పెట్టిన చప్పుడు వినబడింది.

నేను మా ఇంటివైపు తిరిగాను. మామ్మ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"మాస్టారూ, నేను ఐవీ గుడ్డ చూసి వేయలేదు."

"మరి?"

"పొద్దున వినిఫ్రెడ్ చేపల క్యూలో ఉంది. హెర్బర్ట్ ఇంట్లోంచి బయటికొచ్చాడు, ఆదివారం కోటు వేసుకుని. రేవుకి పోయేవాడికి ఆ కోటెందుకు? బస్సు కూడా అటుది ఎక్కలేదు, ఊళ్ళోకి వెళ్ళేది ఎక్కాడు. మధ్యాహ్నం అయినా తిరిగి రాలేదు." ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి. "ఓడ కంపెనీ ఆఫీసు ఊళ్ళోనే కదా. ఐవీది తర్వాత కనబడింది. అప్పుడు ఇంక అనుమానం లేదనుకున్నా. నేను ముసలిదాన్ని, పొరపాటు పడి ఉండొచ్చు. పడ్డానని చెప్పండి."

'సినిమా పూర్తయ్యేదాకా ఉంచండి' అన్న హెర్బర్ట్ మాట గుర్తొచ్చింది.

వీధి చివరికి వెళ్ళి నిలబడ్డాను. చలి పెరిగింది. పొద్దు వాలుతోంది. పని దిగిన మగవాళ్ళు గుంపులుగా వచ్చి, ఎవరి గుమ్మంలోకి వాళ్ళు వెళ్ళారు. హెర్బర్ట్ వాళ్ళలో లేడు. అందరి వెనకాల, ఒక్కడే, నది వైపు నుంచి వచ్చాడు. కోటు విప్పి, లోపలి వైపు బయటికి మడిచి చంకలో పెట్టుకున్నాడు. బూట్లకి బురద ఉంది.

నన్ను చూసి ఆగాడు. ఎందుకు నిలబడ్డానని అడగలేదు.

"ఇంట్లో ఉందా?"

"ఉంది. ఐవీ కూడా ఉంది."

"సినిమా నచ్చిందా దానికి?"

"వంటమనిషి విషయంలో అభ్యంతరం చెప్పింది."

అతని మొహంలో నవ్వు రాబోయి ఆగిపోయింది. గోడకి ఆనుకున్నాడు.

"బుధవారం రేవులో ఒకతను కలిశాడు. అదే గుంపులో ఇంకో ఓడలో పనిచేసి వచ్చాడు. మావాడి ఓడకి టార్పెడో తగలడం చూశానన్నాడు. చీకటి, మంచు, పేరు సరిగ్గా కనబడలేదు, ఒట్టు వేయలేనన్నాడు. ఒట్టు వేయనివాడి మాట దానికెలా చెప్పను? అందుకే ఇవాళ ఆఫీసుకి వెళ్ళాను." ఊపిరి పీల్చుకున్నాడు. "గుమాస్తా మంచివాడే. కుర్చీ వేశాడు. టీ ఇప్పించాడు, చక్కెర కూడా వేసి. తన వాటాలోదే అయ్యుంటుంది."

నేనూ అతని పక్కన గోడకి ఆనుకున్నాను.

"పై డెక్కు మీద ఉన్నవాళ్ళని కొందరిని తీశారంట. కింద బొగ్గు దగ్గర ఉన్నవాళ్ళు ఒక్కరూ రాలేదు. పేర్లు సరిచూసుకున్నారంట. క్లిఫ్ డ్యూటీలో ఉన్నాడు." టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "సోమవారం ఉత్తరం వస్తుంది. ఈలోపే చెప్పాలి. అప్పట్నించీ నది ఒడ్డున నడుస్తున్నాను, ఎలా చెప్పాలా అని."

ఇంక దాచడం తప్పనిపించింది. సాయంత్రం వీధిలో జరిగినదంతా చెప్పాను. పరదాలు, ఐవీ గుడ్డ, వినిఫ్రెడ్ ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి తీయించడం. అతను తలెత్తి వీధి పొడుగునా చూశాడు. తెరిచిన కిటికీల్లో పొయ్యిల వెలుగు కనబడుతోంది. ఎక్కడో పిల్లాడొకడు స్కోరు గట్టిగా చదువుతున్నాడు.

"అన్నీ తీయించేసిందా?"

"అన్నీ."

"నవ్విందా?"

"బాగా నవ్వింది."

"దానికి ఒకసారి చెప్పడమే కష్టం మాస్టారూ" అన్నాడు. "ఇప్పుడు రెండోసారి చెప్పాలి."

నేను తోడు రానా అని అడిగాను. వద్దన్నాడు. గుమ్మం దాకా రమ్మన్నాడు, అంతే. అప్పుడే, వెలుగు బయటపడకుండా చూసే వార్డెన్ సైకిల్ మీద వస్తూ "లైట్లు! లైట్లు!" అని అరిచాడు. వీధి రెండువైపులా ఆడవాళ్ళు కిటికీల దగ్గరికి వచ్చి, రోజూ కట్టే నల్లగుడ్డలు కట్టుకోవడం మొదలుపెట్టారు. ఒకదాని తర్వాత ఒకటి వెలుగులు ఆరిపోయాయి. దానికి ఎవరూ కారణం చెప్పనక్కర్లేదు. మేం నడుస్తూ ఉండగానే వీధి నల్లబడిపోయింది. ఆ చీకటిలో హెర్బర్ట్ మొహం ఎవరికీ కనబడలేదు. అందుకు ఆ రాత్రి వార్డెన్‌కి మనసులో దండం పెట్టుకున్నాను.

మా అడుగుల చప్పుడు విని వినిఫ్రెడ్ తలుపు తీసింది. వెనక నడవాలో సన్నటి దీపం. ఐవీ డ్యూటీకి తయారవడానికి దొడ్డిదారిన వెళ్ళిపోయినట్టుంది.

"వచ్చావా! ఎక్కడ తిరుగుతున్నావు, చేప ఎండిపోయింది. ఇవాళ మన వీధి చేసిన పని వింటే పడిపడి నవ్వుతావు. నీ చెల్లెలు పగలు పడుకుని కిటికీకి గుడ్డ వదిలేసిందా, ఆ టాస్కర్ మామ్మ చూసి, ఇంక చూసుకో, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కర్టెన్లే! నేను మాస్టారితో మలుపు తిరిగేసరికి, ఒట్టు, నా ప్రాణం పోయిందనుకో. మన క్లిఫ్‌ని పట్టుకుని ఒక్క మధ్యాహ్నం అంతా..."

హెర్బర్ట్ గడప మీద నిలబడి వింటున్నాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు.

"...అంతా చచ్చిపోయినవాణ్ణి చేసేశారు" అంది. చివరి మాటలు నెమ్మదిగా వచ్చాయి. "నవ్వవేంటి?"

అతను లోపలికి అడుగు పెట్టాడు.

"హెర్బర్ట్. నవ్వు రావట్లేదా?"

అతను వెనక్కి చెయ్యి చాచి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.